ప్రసంగం మధ్యలో లేచి వెళ్ళిపోయిన ఆదివారం

ప్రశ్న: మేడమ్ గారికి వందనాలు. పెళ్ళయిన దగ్గర్నుంచీ, అంటే పదిహేడేళ్ళుగా, మేము ఒకే సంఘానికి వెళ్తున్నాం. మా ఆయన పెరిగిందే ఆ చర్చిలో. అత్తయ్యకి అది రెండో ఇల్లు. రెండేళ్ళ కిందట పాత అయ్యగారు రిటైరై కొత్తాయన వచ్చారు. చిన్న వయసు, బాగా చదువుకున్నారు. ఎవరికైనా జబ్బు చేసిందంటే అర్ధరాత్రయినా వస్తారు, ఆ మాట అందరూ ఒప్పుకుంటారు. కానీ ప్రసంగాల్లో రాజకీయం ఎక్కువ. వచ్చిన కొత్తలో యాకోబు పత్రిక అయిదో అధ్యాయం తీసుకుని, పనివాళ్ళ కూలి బిగపట్టేవాళ్ళ గురించి చెప్పారు. తర్వాత యుద్ధం మీద ఒకటి, ప్రభుత్వం తెచ్చిన ఒక చట్టం మీద ఒకటి. పోయిన నెల ఎన్నికల ముందు ఆదివారం ఏకంగా ఒక నాయకుడి పేరు పెట్టి, "ఈయనకి ఓటేసిన చేతులతో ప్రభువు బల్ల దగ్గరికి ఎలా వస్తారు?" అన్నారు.

మా ఆయన లేచి, తొమ్మిదేళ్ళ మా బాబు చెయ్యి పట్టుకుని, మధ్య దారిలో నుంచి బయటికి నడిచారు. అందరూ తిరిగి చూశారు. నేనూ మా అమ్మాయీ కదల్లేదు. ముందు వరసలో ఉన్న అత్తయ్య తల కూడా తిప్పలేదు. ఇంటికొచ్చాక బాబు నా దగ్గరికొచ్చి, "అమ్మా, నాన్న మీద యేసయ్యకి కోపం వచ్చిందా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక అన్నానికి రమ్మన్నాను.

ఆ ప్రసంగంలో ఒకటిన్నర నిమిషం ముక్క ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. బంధువులందరూ చూశారు. ఇప్పుడు మా ఆయన ఆదివారం ఇంట్లోనే ఆన్‌లైన్ ఆరాధన చూస్తున్నారు. అత్తయ్య ఒక్కరే నడిచి వెళ్తున్నారు. పదిహేనేళ్ళ మా అమ్మాయేమో, "ఇన్నేళ్ళలో నిజమైన విషయం మాట్లాడింది ఈయనొక్కరే" అంటోంది. నాకైతే అయ్యగారు చెప్పేదాంట్లో సగం నిజమే అనిపిస్తుంది, చెప్పే తీరే నచ్చదు. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. శనివారం సాయంత్రం నుంచే నాకు టెన్షన్. ఇలాంటి ప్రసంగాలు కుటుంబమంతా కూర్చుని వినాల్సినవేనా? వేరే చర్చి చూసుకోమంటారా? మా ఆయనది చిన్న కాంట్రాక్టు వ్యాపారం, పదిమంది పనిచేస్తారు, వారమంతా తలనొప్పులే. మనశ్శాంతి కోసం చర్చికి వెళ్తే అక్కడా ఇదేనా అని ఆయన బాధ.

– ఒక సోదరి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ అయ్యగారి మీద కోపం వచ్చింది. రెండోసారి చదివినప్పుడు, చివర్లో మీరు అలా రాసి వదిలేసిన మాట దగ్గర ఆగిపోయాను. మీవారిది కాంట్రాక్టు వ్యాపారం, పదిమంది పనిచేస్తారు అన్నది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు బాబు సంగతి.

ఆ పిల్లాడి ప్రశ్నకి నెల రోజులుగా జవాబు లేదు. మీ పెద్దవాళ్ళ గొడవ ఎప్పటికి తేలుతుందో ఏమో గానీ, ఇది మాత్రం ఈ వారమే తేలాలి. జవాబు మీరు కాదు, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళిన నాన్నే చెప్పాలి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "అయ్యగారు అన్న ఒక మాట నాకు తప్పనిపించింది, కోపం ఆపుకోలేక లేచాను. యేసయ్యకి నా మీద కోపం లేదు, అయ్యగారి మీదా లేదు. నేనే వెళ్ళి ఆయనతో మాట్లాడాలి, ఇంకా మాట్లాడలేదు." ఇంతే. ఆ చివరి వాక్యం అనేటప్పుడు మీవారికి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఇక మీరడిగిన ప్రశ్న. చర్చిలో రాజకీయం వద్దు అని తేల్చేద్దామంటే బైబిలే ఒప్పుకోదు. ఫరో దగ్గరికి వెళ్ళి వెట్టి చేస్తున్న జనాన్ని వదిలెయ్యమన్న మోషే మాట రాజకీయం కాకపోతే మరేమిటి? హేరోదు రాజు సోదరుడి భార్యని ఉంచుకోవడం న్యాయం కాదని మొహమ్మీద చెప్పి బాప్తిస్మమిచ్చు యోహాను తల పోగొట్టుకున్నాడు. వీళ్ళని తీసేస్తే బైబిల్లో సగం పేజీలు చింపుకోవాలి. "కైసరువి కైసరునకును, దేవునివి దేవునికిని" అన్న మాటని అడ్డం పెట్టుకుని రెంటినీ విడదీసేవాళ్ళున్నారు. కానీ ఆ మాట పుట్టిందే పన్ను కట్టాలా వద్దా అన్న అచ్చమైన రాజకీయ ప్రశ్నకి జవాబుగా.

కాబట్టి ఒక ప్రసంగం రాజకీయమా కాదా అని నేను అడగను. నేను వేసుకునే ప్రశ్న ఇది: ఆ ప్రసంగం విని పశ్చాత్తాపపడాల్సింది ఎవరు? చర్చి బెంచీల మీద కూర్చున్నవాళ్ళా, అక్కడ లేనివాళ్ళా?

ఆమోసు గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు ఒకసారి ఇంట్లో పైకి చదవండి. పది నిమిషాలు కూడా పట్టదు. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దపు మనిషి, తెకోవలో పశువుల కాపరి, దక్షిణాన యూదా నుంచి ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యానికి వచ్చి ప్రవచించాడు. దమస్కుతో మొదలుపెట్టాడు. తర్వాత గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. అందరూ ఇశ్రాయేలుకి పొరుగువాళ్ళే, పడనివాళ్ళే. ఒక్కొక్కరి పాపం చదువుతుంటే వింటున్నవాళ్ళు "ఆమేన్, ఆమేన్" అని ఉంటారని నా ఊహ. ఏడోది యూదా, అంటే ప్రవక్త సొంత రాజ్యం. అప్పుడు ఇంకా గట్టిగా అని ఉంటారు. ఎనిమిదోసారి ఆయన అక్కడున్న జనం వైపే తిరిగాడు. మీరు చెప్పుల జత కోసం బీదవాణ్ణి అమ్ముకుంటున్నారు అన్నాడు. ఆమేన్లు అక్కడితో ఆగిపోయి ఉంటాయి. బేతేలులో యాజకుడు అమజ్యా వచ్చి, నీ ఊరికి పో, అక్కడ ప్రవచించుకుని బతుకు, ఇది రాజుగారి గుడి అన్నాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, చర్చిలో రాజకీయాలు మాట్లాడకు అని.

అదే ఆమోసు దమస్కు దగ్గర మొదలుపెట్టి మోయాబు దగ్గర ఆపేసి ఉంటే ఆయన్ని ఎవరూ వెళ్ళగొట్టేవారు కాదు. కానుకలు కూడా పెరిగేవి.

మీ అయ్యగారి ప్రసంగాల్ని ఇదే తక్కెడలో పెట్టి చూద్దాం. చట్టం మీద ఏం చెప్పారో మీరు రాయలేదు కనక దాని జోలికి పోను. యుద్ధం మీద ప్రసంగం అనగానే తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ వియత్నాం యుద్ధాన్ని ఖండించినప్పుడు పెద్ద పత్రికలు ఆయన్ని తప్పుపట్టాయి. పౌరహక్కుల ఉద్యమంలో తోటివాళ్ళే కొందరు మనకెందుకీ గొడవ అన్నారు. ఎల్ సాల్వడార్‌లో ఆర్చిబిషప్ ఆస్కార్ రొమేరో ఆదివారం ప్రసంగంలో ఆ వారం హతమైనవాళ్ళ, మాయమైనవాళ్ళ వివరాలు చదివేవారు. 1980 మార్చి 23న, సోదరుల్ని చంపడం ఆపండి అని సైనికుల్ని బతిమాలారు. ఆ సైనికులూ రేడియోలో ఆయన మాట వినే కతోలికులే, ఆయన మందలోవాళ్ళే. మర్నాడు దివ్యబలిపూజ చేస్తుండగా ఆయన్ని కాల్చి చంపారు. ఇలాంటి ప్రసంగం నా సంఘంలో వినపడితే నేను పిల్లల్ని బయటికి తీసుకెళ్ళను, ముందు వరసలో కూర్చోబెడతాను.

కానీ ఎన్నికల ముందు ఆదివారం మీ అయ్యగారన్న మాట అలాంటిది కాదు. అది తప్పు. మీవారికి కోపం రావడంలో న్యాయం ఉంది.

ఎందుకంటే ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం గురించి బైబిలు చెప్పిన మాట స్పష్టంగా ఉంది: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను." తన్ను తాను. అయ్యగారు మన బ్యాలెట్‌ని పరీక్షించాలని పౌలు రాయలేదు. పైగా ఓటు రహస్యం. ఎవరు ఎవరికి వేశారో తెలియకుండానే హాలులో ఉన్నవాళ్ళందర్నీ అనుమానించే మాట అది. యేసు శిష్యులతో కూర్చున్న మొదటి బల్ల చుట్టూ ఎవరున్నారో చూడండి. రోమా అండతో ఏలిన పాలకుల కోసం సుంకం వసూలు చేసిన మత్తయి ఒకడు. జెలోతే అనే పేరున్న సీమోను ఒకడు, ఆ పేరు రోమా మీద పళ్ళు నూరేవాళ్ళది. బయట ఎదురుపడితే ఒకరి గొంతు ఒకరు పట్టుకోవాల్సినవాళ్ళు. ఇద్దరూ ఒకే రొట్టె విరిచారు.

బల్ల దగ్గరికి రావద్దన్న సందర్భం చరిత్రలో లేదా అంటే ఉంది. 390లో థెస్సలొనీకలో రోమా సైన్యం జనాన్ని ఊచకోత కోసింది. ఆజ్ఞ ఇచ్చింది చక్రవర్తి థియొడోసియస్. మిలాన్ బిషప్ ఆంబ్రోజ్, పశ్చాత్తాపపడేదాకా నీకు బల్ల లేదు అని ఆయనకి చెప్పాడు. ఎలా చెప్పాడన్నదే నాకు ముఖ్యం. పుల్పిట్ ఎక్కి ఊరంతా వినేలా చెప్పలేదు. ఆ ఒక్కడే చదివేలా స్వయంగా తన చేత్తో ఉత్తరం రాశాడు. పాపం చేసినవాడితోనే మాట్లాడాడు, అదీ చాటుగా. ఆ చక్రవర్తిని పొగిడినవాళ్ళనో పన్ను కట్టినవాళ్ళనో గుమ్మం దగ్గర ఆపలేదు. మీ అయ్యగారు చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. నాయకుడికి ఏమీ చెప్పలేదు, చెప్పే వీలూ లేదు. ఆ భారమంతా ముందు వరసలో ముసలావిడ మీదా, వెనక తొమ్మిదేళ్ళ పిల్లాడి మీదా పడేశారు.

చట్టం మాట కూడా ఒకటి చెప్పాలి. చాలా దేశాల్లో ఇది అభిరుచుల గొడవ మాత్రమే కాదు. భారతదేశంలో 1988 నాటి చట్టం ప్రకారం మతసంస్థల ఆవరణని రాజకీయ కార్యకలాపాల ప్రచారానికి వాడుకోవడం నేరం. మతం పేరు చెప్పి ఓటు అడిగినా, వెయ్యొద్దన్నా 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో అది అవినీతి పద్ధతి కిందికొస్తుంది. అమెరికాలో 1954లో పన్ను చట్టానికి చేసిన సవరణ ఉంది, పన్ను మినహాయింపు పొందే సంఘాలు అభ్యర్థుల తరఫునో వ్యతిరేకంగానో ప్రచారం చెయ్యకూడదని. దాని అమలు మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి. అంటే అన్యాయం గురించి మాట్లాడటానికీ అభ్యర్థి పేరు చెప్పడానికీ మధ్య గీత ఉందని చట్టాలకి కూడా తెలుసు.

మీ అమ్మాయికి ఇంకో వైపు కథ కూడా తెలియాలి. 1933లో జర్మనీలో "జర్మన్ క్రైస్తవులు" అని పిలుచుకున్న వర్గం హిట్లర్ జెండాని బలిపీఠం దాకా తీసుకెళ్ళింది. వాళ్ళకీ పాస్టర్లున్నారు, వాళ్ళ ప్రసంగాలూ ఉద్రేకంగానే ఉండేవి. వాళ్ళకి అడ్డుపడినవాళ్ళు 1934 మేలో బార్మెన్‌లో కలిసి, సంఘానికి ప్రభువు క్రీస్తే, వేరే నాయకుడి మాటని దేవుని మాటగా వినం అని ప్రకటించారు. పుల్పిట్ మీద నుంచి ధైర్యంగా మాట్లాడటం ఒక్కటే గొప్ప కాదని ఆ పిల్లకి తెలియడానికి ఇది చాలు.

సరే, ఇప్పుడు ఆ ఒకటిన్నర నిమిషం వీడియో. మీ బంధువులందరూ చూసింది అదే. ప్రసంగం మొత్తం విన్నవాళ్ళు మీ ఇంట్లో ఎంతమంది? మీరు, అమ్మాయి, అత్తయ్య. మీవారు మధ్యలో వెళ్ళిపోయారు. మిగతాది ఆయనకి తెలిసింది ఆ ముక్క ద్వారానే.

2008లో అమెరికాలో ఇదే గొడవ అధ్యక్ష ఎన్నికని కుదిపేసింది. బరాక్ ఒబామా కుటుంబం చికాగోలో ట్రినిటీ యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే సంఘానికి చాలా ఏళ్ళుగా వెళ్ళేది. అక్కడి పాస్టర్ జెరెమయా రైట్ 1972 నుంచి ఆ సంఘాన్ని నడిపిన మనిషి. ఒబామా పెళ్ళి జరిపించిందీ, పిల్లలకి బాప్తిస్మం ఇచ్చిందీ ఆయనే. ఆ మార్చిలో ఆయన పాత ప్రసంగాల ముక్కలు టీవీల్లో పదే పదే తిరిగాయి. ఒకటి 2001 సెప్టెంబర్ 16న, న్యూయార్క్ మీద దాడి జరిగిన తర్వాతి ఆదివారం చేసింది. ఇంకోటి 2003 ఏప్రిల్ నాటిది, దేశం మీద శాపం పెట్టినట్టున్న మాటలు అందులోవి. మొదటి ప్రసంగానికి ఆయన తీసుకున్నది 137వ కీర్తన. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చేవాళ్ళ పాటగా మొదలై, శత్రువుల పసిపిల్లల్ని బండకేసి కొట్టాలన్న కసితో ముగిసే కీర్తన అది. ఏడుపు పగగా ఎలా మారుతుందో చూడమని, ఇది మనల్ని మనం పరీక్షించుకునే సమయమని ఆయన చెప్పిన భాగం టీవీ ముక్కలో లేదు. అలాగని ముక్కలో ఉన్న మాటలు ఆయన అనలేదని కాదు. అన్నారు.

మార్చి 18న ఒబామా ఫిలడెల్ఫియాలో మాట్లాడుతూ ఆ మాటలు తప్పన్నారు. కానీ మనిషిని వదులుకోలేనన్నారు, నన్ను పెంచిన అమ్మమ్మని ఎలా వదులుకోలేనో ఈయన్నీ అంతేనన్నారు. ఏప్రిల్ చివర్లో పాస్టర్ మళ్ళీ బహిరంగంగా అదే ధోరణిలో మాట్లాడాక తెగతెంపులు చేసుకున్నారు. మే నెలాఖరుకి కుటుంబం ఆ సంఘం నుంచి బయటికొచ్చింది. ఎన్నికల లెక్కలు అందులో లేవని నేననను. కానీ వరస బాగుంది: ముక్క చూసి వెళ్ళిపోలేదు, తప్పుని తప్పని పైకి అన్నారు, అవతలి మనిషి వింటాడేమో చూశారు, వినకపోయాక వెళ్ళారు. మీ ఇంట్లో ఈ మెట్లలో మొదటిదీ చివరిదీ ఒకే రోజు అయిపోయాయి.

ఇప్పుడు ఆ పదిమంది పనివాళ్ళ సంగతి.

మీరు ప్రసంగాల వరస రాసినప్పుడు మొదటిదిగా రాసింది యాకోబు పత్రిక. "బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అన్న వాక్యం. నాకు మీవారి గురించి ఏమీ తెలియదు, తప్పు చేశారని అనడం లేదు. బిల్లులు రాక, పనివాళ్ళకి ఇవ్వలేక నలిగే చిన్న కాంట్రాక్టర్లని నేను చూశాను. కానీ ఆ ఆదివారం ఇంటికొచ్చి ఆయన ఏమన్నారో గుర్తు చేసుకోండి. "చర్చిలో ఇవన్నీ ఎందుకు" అన్న మాట ఆ రోజు మొదలైందా, పోయిన నెల మొదలైందా? ఆ రోజే మొదలై ఉంటే, అయ్యగారి తర్వాతి తప్పు మీవారికి ఒక మంచి సాకు దొరికించిందేమో చూసుకోవాలి. ఆ మాట మీరు ఆయనతో అనకండి, గొడవ అవుతుంది. ఆయనకై ఆయనే అనుకోవాలి.

నేను ఇంత ధైర్యంగా అడగడానికి కారణం ఉంది. నేనూ ఒకసారి చర్చి మారాను. ఎవరైనా అడిగితే, "ఆయన రాజకీయాలు మాట్లాడతారండీ, భరించలేకపోయాం" అనేదాన్ని. నిజం ఏమిటంటే, ఇళ్ళలో పనిచేసేవాళ్ళని మనం ఎలా చూస్తున్నాం అని ఆయన చెప్పిన ఆదివారానికి మూడు రోజుల ముందే, రెండు రోజులు రాలేదని మా పనమ్మాయి జీతంలో కోత వేశాను. ప్రసంగం జరుగుతున్నంతసేపూ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీస్తూ పెడుతూ కూర్చున్నాను. ఆ కోసిన డబ్బు అందులోనే ఉంది. కొత్త చర్చిలో ఎనిమిది నెలలు హాయిగా గడిచాయి, ఎవరూ నా జోలికి రాలేదు. తర్వాత నాకు ఆపరేషన్ అయి ఆస్పత్రిలో పడుకుంటే అప్పుడూ ఎవరూ నా జోలికి రాలేదు. పాత అయ్యగారే ఎవరి ద్వారానో తెలిసి వచ్చారు. ప్రార్థన చేసి, జీతం సంగతి ఎత్తకుండా వెళ్ళిపోయారు. ఆయనకి అసలు తెలియదు లెండి. (డబ్బు ఇచ్చేశాను. ఆలస్యంగానే.)

మీ అయ్యగారు అర్ధరాత్రయినా వస్తారని మీరే రాశారు. ఆన్‌లైన్ ఆరాధనకి ఆ ఒక్కటి చేతకాదు. మీవారు చూసే చానల్‌లో పాటలూ వాక్యమూ బాగుండొచ్చు, కానీ అక్కడ లేచి బయటికి నడిచినా ఎవరికీ తెలియదు.

అందుకే ముందు మాట్లాడమంటాను. మీరూ మీవారూ కలిసి వెళ్ళండి. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర వద్దు, అక్కడ ఇద్దరికీ చూసేవాళ్ళుంటారు. సంఘ పెద్దల దగ్గరికి ముందే వెళ్ళకండి, అది ఫిర్యాదు అవుతుంది. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో చెప్పిన క్రమం ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడటంతోనే మొదలవుతుంది. ఫోన్ చేసి, వారం మధ్యలో ఇంటికి వస్తామని చెప్పండి. అక్కడ "మీరు రాజకీయం మాట్లాడుతున్నారు" అనకండి. ఆయన దగ్గర దానికి పది జవాబులుంటాయి, ఆమోసుతో సహా. "ఆ రోజు మీరన్న ఒక్క వాక్యం వల్ల మా అబ్బాయి, దేవుడు నాన్నని వద్దనుకున్నాడేమో అని భయపడ్డాడు" అని చెప్పండి. దానికి ఏ అయ్యగారి దగ్గరా రెడీగా జవాబు ఉండదు. మీవారు మధ్యలో లేచి వచ్చినందుకు ఒక మాట అంటే ఇంకా మంచిది, అయ్యగారికి తన మాట వెనక్కి తీసుకునే దారి దొరుకుతుంది.

ఇంకొకటి అడగండి. ప్రసంగం ఒకవైపు నుంచే నడుస్తుంది. ఆయన మాట్లాడతారు, మనం వింటాం, ఎదురు చెప్పే వీలు లేదు. అందుకే అక్కడ వాక్యం ఎక్కడ ఆగి సొంత అభిప్రాయం ఎక్కడ మొదలైందో చెప్పాల్సిన బాధ్యత బోధకుడిదే. కూలి ఎగ్గొట్టడం పాపమని వాక్యం చెప్తుంది. ఏ పార్టీ కూలి చట్టం మంచిదో చెప్పదు. రెండోదాని గురించి ఆయనకి గట్టి అభిప్రాయం ఉంటే ఉండనివ్వండి, దాన్ని వారం మధ్యలో బైబిల్ స్టడీలో పెట్టమనండి, అక్కడ మీవారు కూడా చెయ్యెత్తి మాట్లాడొచ్చు. నిజం చెప్పాలంటే మీ అయ్యగారిలాంటి కుర్రవాళ్ళకి చాలాసార్లు ఇదే తెలియదు, ఎవరైనా ఎదురు కూర్చుని చెప్పేదాకా.

ఆయన విని, "తొందరపడ్డాను" అన్నారా, అక్కడే ఉండండి. ఆయన తర్వాతి ప్రసంగం కూడా మీకు నచ్చకపోవచ్చు, అయినా ఉండండి. లేదు, "నేను చెప్పింది దేవుని మాట, ఒప్పుకోకపోతే మీ విశ్వాసంలోనే లోపం" అన్నారా, అప్పుడు వేరే సంఘం చూసుకోవడంలో తప్పు లేదు. తిరిగి ప్రశ్నించడానికి వీల్లేని పుల్పిట్ కింద పిల్లల్ని పెంచమని నేను చెప్పలేను, ఆ పుల్పిట్ నాకు నచ్చే పార్టీదైనా సరే. ఆయన ఎప్పుడూ అవతలివాళ్ళ పాపాలే చెప్తూ, తనతో ఏకీభవించేవాళ్ళని ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టకపోతే అది కూడా గమనించుకోండి. ఈ లెక్కకి రెండు నెలలు చాలు.

అమ్మాయి సంగతికి వస్తే, ఆమె ఉత్సాహాన్ని చల్లార్చకండి. చర్చిలో నిజమైన విషయం వినపడాలని కోరుకునే పదిహేనేళ్ళ పిల్ల దొరకడం అదృష్టం. ఆమెకి ఒక పెన్సిలూ నోట్‌బుక్కూ ఇవ్వండి. బెరయ అనే ఊరివాళ్ళు పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాల్లో వెతికి చూసుకున్నారు, పౌలు దానికి నొచ్చుకోలేదు. ప్రసంగం వింటూ వాక్యంలో ఉన్నది ఒక వైపు, అయ్యగారి మాట ఒక వైపు రాయమనండి. కింద ఇంకో గీత గీసి, ఇందులో నా గురించి ఏముంది అన్నది రాయమనండి. ఆ గీత కింద వరసగా మూడు వారాలు ఏమీ లేకపోతే ఆమెకే అనుమానం వస్తుంది, మనం చెప్పక్కర్లేదు.

మీరు ఇంట్లో ఎవరితోనూ అనని మాట ఒకటుందన్నారు, విషయంలో సగం ఒప్పుకుంటాను, తీరు ఒప్పుకోను అని. అదే మీ ఇంట్లో అందరికీ వినపడాల్సిన మాట. ఇప్పుడు మీవారికి మీరు ఆయన పక్షం కాదేమో అనిపిస్తోంది, అమ్మాయికి మీరు ఆమె పక్షం కాదేమో అనిపిస్తోంది. పిల్లల ముందే అనండి. ఒకే ప్రసంగంలో ఒప్పు ఇంత, తప్పు ఇంత అని అమ్మ అనగా వినడం వాళ్ళకి ఏ సండే స్కూల్ పాఠానికీ తీసిపోదు.

అత్తయ్యగారిని మాత్రం ఏ పక్షమూ తీసుకోమని అడక్కండి. ఆవిడ తల తిప్పలేదంటే కొడుకుని కాదనుకున్నట్టు కాదు. ముందు వరసలో, అందరూ చూస్తుండగా, వెళ్తున్న కొడుకుని చూస్తే ఏడుపు ఆగదని తెలిసి ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా ఆ దారి కుటుంబంతో కలిసి నడిచిన మనిషి ఇప్పుడు ఒక్కరే నడుస్తున్నారు. ప్రసంగాల సంగతి, అయ్యగారి సంగతి, చర్చి మారే సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు. వచ్చే ఆదివారం ఆవిడ పక్కన ఎవరు నడుస్తారన్నది మాత్రం శనివారం రాత్రి పడుకునేలోపే అనుకోండి. బాబుని అడిగి చూడండి, వాడు వస్తాననవచ్చు.